మల్లెపూల కట్టు

ఇప్పుడు నొప్పి లేదు. కుడి రొమ్ము మీద వేలెడంత మచ్చ మిగిలింది, అంతే. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటివి చదివేటప్పుడు చివరికి ఏమైందో తెలియకపోతే నాకు స్థిమితం ఉండదు, మధ్యలో వదిలి ఆఖరి పేజీ తిప్పేస్తాను. బిడ్డ బాగుంది. నేనూ బాగానే ఉన్నాను, అలసట తప్ప. ఆ అలసట మాత్రం ఇల్లు ఖాళీ చేయని అద్దెవాళ్లలా నాతోనే ఉంది.

మా పిన్ని కూతురికి నెలలు నిండుతున్నాయి. పాలివ్వడం గురించి ఏమన్నా చెప్పక్కా అని మొన్న ఫోన్ చేసింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, పాప ఏడుస్తోందని అబద్ధం చెప్పి పెట్టేశాను. పాప హాయిగా నిద్రపోతోంది. అందుకని రాస్తున్నాను, కొంత తన కోసం, కొంత నా కోసం.

ఏప్రిల్

మా పుట్టిల్లు ఆలూరు. నాన్నకు బజారులో కిరాణా అంగడి ఉంది. అత్తగారిది బద్వేలు, వాళ్లది బట్టల వ్యాపారం. తొలి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి ఏడో నెలలోనే ఆలూరు వచ్చేశాను. ఆదోని ఆసుపత్రిలో పాప మామూలు కాన్పుగానే పుట్టింది. ఇంటికి తెచ్చి నన్ను అంగడి వెనక గదిలో పడుకోబెట్టారు. ఒక పక్క బెల్లం దిమ్మెలు, ఇంకో పక్క ఎండుమిరపకాయల బస్తాలు, మధ్యలో నేనూ పాపా.

బాలింత పథ్యం సంగతి మా వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ. ఆలూరు ఎండల్లో ఫ్యాన్ వేయకూడదు. అన్నంలోకి వెల్లుల్లి కారం, నెయ్యి. అన్నిటికంటే కష్టమైంది నీళ్లు. బాలింత నీళ్లు తాగితే ఒళ్లు నీరు పడుతుందని, పచ్చి ఒంటికి మంచిది కాదని చిన్న లోటాతో వాము నీళ్లు, అదీ అడిగితేనే. ఇదంతా నడిపించింది మా అవ్వ, అంటే అమ్మ వాళ్ల అమ్మ. నా కాన్పు కోసమే ఊరి నుంచి వచ్చి దిగింది. మా బంధువుల్లో చాలా కాన్పులకు ఆమె పక్కనుంది. ఆమె మాట కాదనే ధైర్యం మా ఇంట్లో నాన్నకు కూడా లేదు. నేను ఇంకో లోటా అడిగితే "రవంత గొంతు తడుపుకో సునీ, సాలు" అనేది. కోపంగా కాదు, బుజ్జగింపుగానే.

అవ్వను చెడ్డదానిగా చూపించాలని ఇది రాయడం లేదు. కాళ్లు చాపుకుని, పాపను కాళ్ల మీద వేసుకుని ఆమె నీళ్లు పోస్తుంటే పాప ఏడుపు మరిచిపోయేది. నా నడుముకు గుడ్డ చుట్టి బిగించేటప్పుడు తన చేతులు నొప్పి పుడుతున్నా వదిలేది కాదు.

పాలు బాగానే పడ్డాయి. కానీ పాప నోట్లోకి చనుమొన కొస మాత్రమే వెళ్లేది. అలా పట్టకూడదని నాకు తెలియదు. పుండ్లు పడ్డాయి, ముఖ్యంగా కుడివైపు. పాప నోరు పెట్టగానే కాలి వేళ్లు ముడుచుకునేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. లోకంలో ఆడవాళ్లందరూ చేసే పనే కదా, ఇది కూడా చెప్పుకునే నొప్పేనా అనుకున్నాను. ఏడుపు వస్తే బెల్లం దిమ్మెల వైపు తిరిగి ఏడ్చేదాన్ని. కుడివైపు పట్టడం నెమ్మదిగా తగ్గిపోయింది.

మే

ఒక పొద్దున లేచేసరికి కుడి రొమ్ము రాయిలా ఉంది. చెయ్యి పైకెత్తలేకపోయాను. మధ్యాహ్నానికి వణుకు. మే నెలలో, ఫ్యాన్ లేని గదిలో, రెండు దుప్పట్లు కప్పుకుని పళ్లు కొట్టుకున్నాయంటే నమ్మండి.

అవ్వ చూసి వేడి చేసిందంది. వీధిలో పూలామెను పిలిచి మల్లెమొగ్గలు మూరలు మూరలుగా తీసుకుంది. వాటిని రొమ్ము చుట్టూ పరిచి, మెత్తని పాత చీర పేలికతో గట్టిగా కట్టింది. వాడిపోతే తీసి కొత్తవి కట్టేది. ఆ పక్క పాలు జ్వరం పాలు, బిడ్డకు పడవు, తగ్గేదాకా పెట్టొద్దు అంది. ఎడమవైపు మాత్రమే పెట్టాను.

నిజం చెప్పాలి, హాయిగా ఉండింది. ఆ చల్లదనం, ఆ వాసన, పైగా ఆ పుండు మీద పాప నోరు పడనక్కర్లేదు. మర్నాటికి బిగువు సడలింది. ఆపై జ్వరమూ దిగింది. అమ్మ పూలామెకు టీ కూడా ఇచ్చింది. అందుకే మా చెల్లెలికి ఇది చెప్పాలి: మనకు చెడు చేసేది ఎప్పుడూ చేదుగానే ఉండదు.

బిగువంతా పోయినా ఒక్కచోట మాత్రం నిమ్మకాయంత గడ్డ నిలిచిపోయింది. దాని మీద చర్మం ఎర్రబడి నిగనిగలాడింది. జ్వరం మళ్లీ వచ్చింది, ఈసారి దిగలేదు. అమ్మ ఆసుపత్రికి పోదామంది. అవ్వ ఇంకొక్క దినం పూలు కట్టి చూద్దామంది. అమ్మ తన తల్లి మీద గొంతు లేపడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు పూలబుట్ట తీసుకెళ్లి పెరట్లో విసిరేసింది. అవ్వ పెరట్లోకి వెళ్లింది. వంగి, ఒక్కొక్క మొగ్గే ఏరి మళ్లీ బుట్టలో వేసుకుంది. నేను ఇద్దరి మధ్యా కళ్లు మూసుకుని పడుకున్నాను. ఎవరి పక్షం మాట్లాడటానికీ నాకు ఓపిక లేదు.

బద్వేలు నుంచి అత్తమ్మ ఫోన్. తమ ఇంట్లో అయితే ఇంతవరకు రానిచ్చేవాళ్లం కాదని అమ్మతో అంది. పాపకు డబ్బాపాలు మొదలుపెట్టమనీ, తన కూతురి పిల్లలు వాటితోనే పెరిగారనీ చెప్పింది. అమ్మ ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు తోమింది. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది.

మా ఆయన శీను ఆ మర్నాడు బస్సులు మారి మారి వచ్చాడు. నన్ను చూసిన వెంటనే కారు మాట్లాడాడు. అమ్మను కూడా తీసుకుని కర్నూలు బయలుదేరాం. అవ్వ తను కూడా వస్తానంది. ఎవరూ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. ముందు సీట్లో పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

జూన్

కర్నూలు ఆసుపత్రిలో వరండా నిండా జనం. బెంచీ మీద గోడకు ఆనుకుని కూర్చున్నాను. పక్కన ఒక ఆమె, పొలం పనులు చేసే మనిషి, కోడలిని తీసుకొచ్చింది. నా పెదాలు చూసి తన బాటిల్ చాపింది. బాటిల్ చుట్టూ తడిగుడ్డ చుట్టి ఉంది, నీళ్లు చల్లగా ఉన్నాయి. నేను అవ్వ వైపు చూశాను. అది చూసి బాటిలిచ్చినామె నవ్వింది.

"తాగు పాపా. మీ యవ్వ అటు తిరిగింది గదా."

బాటిలంతా తాగేశాను. ఆమె పేరు అడగలేదు. కాన్పు అయినప్పటి నుంచి నాకు ఎవరూ అంత మంచి వస్తువు ఇవ్వలేదు.

డాక్టరు చూసి, పట్టించక వదిలేసిన పాలు గడ్డకట్టి లోపల చీము పట్టిందన్నారు. మత్తు ఇచ్చి కోసి తీశారు. దాని గురించి ఇంతకంటే రాయను. లేచేసరికి పెద్ద కట్టు ఉంది. శీను తలుపు దగ్గర పాపను ఎత్తుకుని, ఎటు పట్టుకోవాలో తెలియని వాడిలా నిలబడి ఉన్నాడు.

నా భయం కోత గురించి కాదు. నాకు పాలు పోతాయని. ఇంత మొండిపట్టు ఎందుకో నాకే తెలియదు. ఎడమవైపు కూడా తగ్గుతున్నాయి. పాప బరువు పెరగడం లేదని డాక్టరు ముఖం చిట్లించారు. కొన్నాళ్లు డబ్బాపాలు కలిపి పట్టాలన్నారు, పాలిచ్చే తల్లులతో మాట్లాడే కౌన్సెలర్ ఉంది, ఆమెను కలవమన్నారు. నా మట్టుకు ఈ కథలో తేలాల్సింది ఒక్కటే: ఆ కుడివైపు నా బిడ్డకు మళ్లీ పనికొస్తుందా లేదా.

ఆమె పేరు షమీమ్. ఒకప్పుడు నర్సు. మెట్ల పక్కన చిన్న గది, నాలుగు కుర్చీలు, ఒక బల్ల. అమ్మా అవ్వా కూడా నాతో లోపలికి వచ్చారు. అప్పటికి ఎంతమందితో మాట్లాడిందో, గొంతు బొంగురుపోయింది. చెప్పులు విడిచి ఒక పాదంతో ఇంకో పాదం రుద్దుకుంటూ మాట్లాడింది. ఆమె అలసట చూస్తే నాకు ధైర్యం వచ్చింది. హుషారుగా ఉండే మనిషైతే ఆ రోజు నేను భరించలేకపోయేదాన్ని.

ముందు ఎడమవైపు పాపను పట్టించమని చూసింది. పాప పొట్ట నా పొట్టకు ఆనేలా తిప్పింది. నోరు పెద్దగా తెరిచేదాకా ఆగమంది. తెరవగానే వీపు మీద చెయ్యి వేసి దగ్గరికి నెట్టింది. ఈసారి మొన ఒక్కటే కాదు, చుట్టూ నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్లింది. నా కాలి వేళ్లు ముడుచుకోలేదు. ఇన్నాళ్లు నేను పడింది అక్కర్లేని నొప్పి అని తెలిసి భోరున ఏడ్చాను.

"నొప్పి ఉండాదంటే పట్టు సరిగా లేదని," అంది. "ఓర్చుకునేది గొప్ప కాదమ్మా. చెప్పాల." తర్వాత పాప గొంతు చూపించింది. "ఆ గుటక సూడు. నోరు ఆడేది కాదు, గుటక పడేది సూడాల."

కుడివైపు సంగతి అడిగాను. కోత మొనకు దూరంగా ఉంది కాబట్టి కట్టు కాస్త సర్దుకుని ఆ పక్క కూడా పట్టించవచ్చంది. పాలు వస్తాయా అన్నాను.

"వస్తాయో రావో నేను చెప్పలేను. పెడ్తా ఉంటే వచ్చే దారి ఉండాది."

ఆ గడ్డకు ఇంటి దగ్గర ఏం చేశారని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పేసింది, మాయమ్మ మల్లెపూలు కట్టింది అని. ఆ మాటలో అన్ని రోజుల కోపమూ ఉంది. ఇక ఇప్పుడు అవ్వకు చివాట్లు తప్పవు అనుకున్నాను. షమీమ్ మేడమ్ కుర్చీ అవ్వ వైపు తిప్పుకుంది.

"అవ్వా, ఈ పూలు కట్టేది నీకు ఎవరు నేర్పించినారు?"

అవ్వ పమిట కొంగు సర్దుకుంది. "నేర్పేదేముంది. నాకే కట్టినారు."

"ఎప్పుడు?"

"మొదటి బిడ్డ సచ్చిపాయె గదా, అప్పుడు. బిడ్డ పాయె గాని పాలు ఆగల్యా. రైకంతా తడిసిపోతాండె. రాయి మాదిరి గట్టిపడి, ఒకటే జరము. మా యత్త పూలు తెచ్చి కట్టె. నొప్పి పాయె." కొంచెం ఆగింది. "పాలూ పాయె."

 అమ్మ కూర్చున్నచోటే ముందుకు వంగింది.

"ఏ బిడ్డమ్మా?"

"నీ కంటే ముందుదిలే. ఆడబిడ్డ."

అమ్మ ఇన్నాళ్లూ తనే పెద్దకూతురు అనుకుంటూ వచ్చింది. మేమందరం అలాగే అనుకున్నాం. అవ్వ ఆ మాట ఎంత మామూలుగా చెప్పిందంటే, దాచిపెట్టిన మనిషిలా లేదు. అడిగిన వాళ్లు లేక చెప్పలేదు, అంతే.

 మేడమ్ అవ్వ చెయ్యి పట్టుకుంది. "నీకు సరైన మందే కట్టినారవ్వా. పూలు కడితే పాలు ఎండిపోతాయి. బిడ్డ లేని తల్లికి అది మంచిదే. ఈ తల్లికి బిడ్డ ఉండాది గదా."

అవ్వకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక నా వైపు చూసింది. ఆ చూపు నేను రాయలేను. ఒంటి నొప్పి పోగొట్టిన మందు ఒక్కటే ఆమెకు తెలుసు. అప్పట్లో తన ఒంటి మీద చల్లగా తగిలింది ఆమెకు గుర్తుండిపోయింది, ఎందుకు కట్టారో మరుగున పడిపోయింది. నాకు కోపం రావాల్సింది. రాలేదు. ఆ చిన్న గదిలో మేము ముగ్గురం ఆడవాళ్లం, ముగ్గురికీ ఏదో ఒకటి పోయింది.

తిరుగు ప్రయాణంలో అవ్వ వెనక సీట్లో అమ్మ పక్కన కూర్చుంది.  దారి మధ్యలో ఎప్పుడో అమ్మ తల అవ్వ భుజం మీదికి వాలింది.

జులై, ఆగస్టు

ఈ నెలల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అందుకే ఇవి అంత కష్టంగా గడిచాయి. కట్టు మార్చుకోవడానికి కర్నూలు వెళ్లి రావడం. వరండాలో కూర్చోవడం. ఎడమవైపు పట్టించడం, కుడివైపు పట్టించబోతే పాప విల్లులా వంగి కేకలు పెట్టడం. చాలకపోతే డబ్బాపాలు ఉగ్గుగిన్నెతో పోయడం. సీసా అలవాటైతే రొమ్ము పట్టదని మేడమ్ గిన్నె వాడమంది. డబ్బాపాలు పట్టడం నాకు ఓడిపోయినట్టుగా ఉందని ఫోన్లో అంటే, బిడ్డ ప్రాణం ముందు, పట్టుదల తర్వాత అని కాస్త కసిరింది. చెల్లీ, ఇది బాగా గుర్తుపెట్టుకో. ఎన్ని చేసినా పాలు రాని తల్లులను ఆ వరండాలో చూశాను. వాళ్లెవరూ తప్పు చేయలేదు.

అవ్వ మారిపోయింది. నేను పాపను ఒళ్లోకి తీసుకుంటే చాలు, చెంబు నిండా నీళ్లు తెచ్చి పక్కన పెట్టేది. లోటా కాదు, చెంబు. తాగేదాకా నిలబడేది. ఒకరోజు తనే స్విచ్ వేసి ఫ్యాన్ తిప్పింది. నాన్న అంగడిలోంచి తొంగిచూసి వెళ్లిపోయాడు.

పేరు పెట్టే వేడుక బద్వేలులో చేయాలని అత్తమ్మ తొందరపెట్టింది. ఇంకెన్నాళ్లు అక్కడే ఉంచుకుంటారు, పాలడబ్బా ఎక్కడైనా దొరుకుతుంది కదా అంది. వచ్చిన ప్రతిసారీ శీను మీద ఆ భారం కనిపించేది. ఒక సాయంత్రం అతనూ విసిగిపోయాడు.

"ఎందుకింత మొండిగా ఉండావు సునీతా? డబ్బాపాలు తాగినోళ్లు బతకల్యా?"

"బతుకుతారు," అన్నాను. "నాకు ఇది కావాల. అంతే."

 చెప్పడానికి నా దగ్గర కారణం లేదు. అతను లేచి వెళ్లిపోయాడు. కాసేపటికి వంటింట్లో చప్పుడైతే చూశాను, పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి ఉగ్గుగిన్నె కడుగుతున్నాడు. ఆ తర్వాత వాళ్లమ్మతో ఫోన్లో, సునీతకు తగ్గేదాకా తీసుకురాను అని చెప్పడం వినబడింది. పెళ్లయ్యాక వాళ్లమ్మ మాటకు అతను కాదు అనడం నేను విన్నది అదే మొదలు.

ఆకలి మీద ఉన్నప్పుడు కాదు, నిద్రమత్తులో ఉన్నప్పుడు కుడివైపు పెట్టి చూడు అని మేడమ్ చెప్పింది. పెట్టాను. రోజూ పెట్టాను. ఒక మధ్యాహ్నం, బయట చాలా రోజులకు వాన పడి అంగడి ముందు మట్టి వాసన వేస్తుంటే, పాప కళ్లు మూసుకునే కుడివైపు పట్టింది. లాగింది. ఏమీ లేదు. వదిలేస్తుందని చూశాను, వదల్లేదు. అప్పుడు రొమ్ములో సన్నగా చీమలు పాకినట్టయింది. చేపు వచ్చింది, పాలు దిగాయి. కదిలితే ఎక్కడ ఆగిపోతుందోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను.

ఆ తర్వాత అన్నీ సర్దుకున్నాయని రాయలేను. కుడివైపు పూర్తిగా ఎప్పుడూ నిండలేదు, ఇప్పటికీ అంతే. ఎడమది రొట్టె, కుడిది నంజుకునే కారం అని శీను ఎగతాళి చేస్తాడు. కానీ పాప బరువు పెరిగింది. డబ్బా తగ్గుతూ తగ్గుతూ అటక ఎక్కింది.

అయిదో నెల

బద్వేలు పంపించే రోజు అమ్మ ఒడిబియ్యం కట్టింది. శీను కారు దగ్గర సామాను సర్దుతున్నాడు. అమ్మ తలలో పెట్టడానికి పూలు తెప్పించింది, చూసుకోకుండా మల్లెలే తెప్పించింది. అవ్వ ఆ పొట్లం చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

జడలో పెట్టుకుంటే ఏమీ కాదని, మేడమ్ కూడా చెప్పిందని నేను అన్నాను. తలొంచి ఆమె ముందు కూర్చున్నాను. పెట్టమని అడిగాను. ఆమె చేతులు చాలాసేపు నా జడ మీద ఊరికే ఉన్నాయి. చివరికి పూలు గుచ్చింది, ఎక్కడ నొప్పి పుడుతుందోనన్నంత నెమ్మదిగా.

బయలుదేరే ముందు పాప ఏడిస్తే అదే గదిలో, బెల్లం దిమ్మెల పక్కన కూర్చుని కుడివైపు పట్టించాను. అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి, పక్కన పెట్టి, వంగి పాప గొంతు దగ్గరికి ముఖం తెచ్చింది. ఆ రోజు ఆసుపత్రిలో మేడమ్ చూపించినట్టే చూసింది.

"మింగుతాండాది," అంది.

నేను నీళ్లు తాగి చెంబు కింద పెట్టాను. ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

"నా పాప గూడా ఇట్లే మింగుతాండె," అంది.

నేను కొంచెం జరిగాను. అవ్వ నా పక్కన కూర్చుంది. పాప తాగడం అయ్యేదాకా మేమిద్దరం లేవలేదు.